ఏ మందు మానేశారండీ?

నేను మందు మానేస్తున్నానని కడియం అంతా తెలిసిపోయింది. నిజానికి నేను పుట్టి బుద్ధెరిగాక మందు ముట్టినవాణ్ణి కాను. పెళ్ళిళ్ళలో అందరూ సీసాలు తీస్తుంటే పక్కన కూర్చుని సోడా తాగి లేచొచ్చే రకం. నేను మానేస్తున్నది నిద్రమాత్ర. మా నర్సరీల్లో మొక్కలకు కొట్టేదీ మందే, డాక్టరు రాసేదీ మందే, సాయంత్రం బడ్డీ వెనక నిలబడి తాగేదీ మందే. ఇన్నిటికీ ఒకటే మాట పెట్టుకుని, ఎవడు ఏ మందు సంగతి మాట్లాడుతున్నాడో తెలియక చస్తుంటాం.

మాత్ర మొదలైంది తొంభైల్లో వచ్చిన ఒక తుఫాను తర్వాత. నీడ కోసం వేసిన పందిళ్ళు లేచిపోయి, ఎకరన్నర అంటుమొక్కలు నాలుగు రోజులు నీళ్ళలో నిలబడి కుళ్ళిపోయాయి. ఇంట్లో మనుషులకు ఏమీ కాలేదు. నాకు నిద్ర మాత్రం పోయింది. ఊళ్ళో డాక్టరుగారు పది రోజులకని మాత్రలు రాశారు. పదకొండో రోజు నేను ఖాళీ స్ట్రిప్పు పట్టుకెళ్ళి మందుల షాపులో చూపిస్తే ఇంకొకటి ఇచ్చేశారు. చీటీ ఏదని అడిగినవాడు లేడు. అలా తొమ్మిదేళ్ళు గడిచాయి. మధ్యలో ఎప్పుడో ఒక మాత్ర రెండు మాత్రలయింది.

రెండువేల సంవత్సరం దాటిన కొన్నాళ్ళకి ఒక తప్పు చేశాను. మామిడికి అంటు కట్టే పని మా నర్సరీలో నాదే. మూడు వందల మొక్కలకు కలెక్టరు మామిడి కొమ్మ కట్టి, బంగినపల్లి అని చీటీలు తగిలించాను. పొద్దున్నపూట బుర్రంతా మొద్దుబారి ఉండేది, ఏ గోనెసంచిలో ఏ కొమ్మ తడిపానో గుర్తు లేదు. అవి చిగురించి, ఒరిస్సా లారీకి ఎక్కించబోతుంటే మా ఆవిడ ఒక ఆకు నలిపి వాసన చూసి, "ఇవి బంగినపల్లి కావండీ" అంది. నేను కస్సుమన్నాను. తర్వాత నేనూ నలిపి చూశాను. ఆవిడ చెప్పిందే నిజం. లారీకి ఎక్కించడం ఆపించాను. మామిడి కాపుకి వచ్చేదాకా కొన్నవాడికి మోసం తెలియదు. తెలిసిన రోజు మా నర్సరీ పేరెత్తి ఉమ్మేస్తాడు. ఈ మాత్ర మానలేకపోతే అంటు కత్తి ఇంకొకరి చేతికి ఇచ్చేసి, నేను ట్యూబుతో నీళ్ళు పట్టుకుంటూ బతకాలి. నాకు ఇరవై ఏళ్ళు వచ్చేసరికి చేతికొచ్చిన పని అది. ఇంకేదీ నాకు సరిగ్గా రాదు.

ఆ మధ్యాహ్నమే మా ఆవిడ దగ్గర ఉన్న మాత్రలన్నీ లాక్కుని తూములో పారబోశాను. నా కోపం అలాంటిది, దేనిమీద వస్తే దాన్ని అక్కడికక్కడ తేల్చెయ్యాలి. మూడు రోజులు కన్ను మూతపడలేదు. ఒళ్ళంతా చెమట, చెవుల్లో హోరు, చేతులు వణుకు. నాలుగో రోజు అంటు కడుతుంటే బ్లేడు బొటనవేల్లోకి దిగింది. మా ఆవిడ వేలికి గుడ్డ చుట్టి, నన్ను రాజమండ్రి తీసుకెళ్ళింది. అక్కడ డాక్టరుగారి బోర్డు మీద మానసిక అన్న మాట చదివి నేను మెట్ల దగ్గరే ఆగిపోయాను.

"ఎక్కండి, ఎవరూ చూడట్లేదు" అంది ఆవిడ.

డాక్టరుగారు పెద్దాయన, గొంతు పెంచకుండానే చివాట్లు పెట్టారు. "ఎవరు చెప్పారండీ, ఒక్కసారే ఆపెయ్యమని?"

"నేనే అనుకున్నానండి."

"ఫిట్సు రాలేదు, అదృష్టవంతులు. తొమ్మిదేళ్ళు ఎక్కిన మెట్లు ఒక్క దూకులో దిగుతారా? మళ్ళీ మొదలుపెట్టండి. నేను చెప్పినప్పుడల్లా కొంచెం కొంచెం తగ్గిద్దాం. నెలలు పడుతుంది." తర్వాత చీటీ మీద ఇంకో పేరు రాశారు. మెలటోనిన్. "ఇది మత్తు ఇచ్చి పడుకోబెట్టేది కాదండి. సందెపడిందని ఒంటికి చెబుతుంది, అంతే. కొందరికి సాయం చేస్తుంది, కొందరికి చెయ్యదు. వేసుకున్నాక లైట్లు తగ్గించండి, టీవీ కట్టెయ్యండి."

ఒంటికి సందె సంగతి ఒకరు చెప్పాలా అని మా ఆవిడ నవ్వింది. నాకు మాత్రం అర్థమైంది. మా పక్క నర్సరీ ఆయన బెంగుళూరు వైపు చూసొచ్చి, చామంతి మడుల మీద రాత్రిళ్ళు బల్బులు వెలిగించేవాడు. వెలుతురు ఉన్నన్నాళ్ళూ చామంతి మొగ్గ వెయ్యదు, ఇంకా పొద్దు ఉందనుకుని ఆకులే పెంచుకుంటూ పోతుంది. బల్బులు తీసేస్తే మొగ్గ వేస్తుంది. ఆ బల్బుల వెలుతురంతా మా పడగ్గది కిటికీలోంచి నా మంచం మీదే పడేది. మర్నాడే ఆ కిటికీకి గోనెపట్టా కట్టాను. చామంతికి ఉన్నపాటి తెలివి నాకు తొమ్మిదేళ్ళలో రాలేదే అని నామీద నాకే ఒళ్ళు మండింది.

ఆ మెలటోనిన్ మా ఊళ్ళో దొరకలేదు. షాపాయన చీటీని తిప్పి తిప్పి చూసి, "మెలనిన్ అంటే రంగుకి సంబంధించింది కదండీ, మచ్చలకా?" అని ఒక క్రీము ట్యూబు నా ముందు పెట్టాడు. చివరికి కాకినాడలో ఒక పెద్ద షాపులో దొరికింది. రోజూ ఎనిమిదింటికి అన్నం తిని, అది వేసుకుని, ఇంట్లో ఒక్క జీరో బల్బు మాత్రం ఉంచేవాళ్ళం. పాత మాత్రని అంటు కత్తితో ముప్పావు, సగం అని కోసేవాణ్ణి. కొమ్మ కోసినప్పుడు కూడా అంత శ్రద్ధ పెట్టలేదేమో. మొదటి రెండు వారాలు మెలటోనిన్ వల్ల ఏమీ తెలియలేదు. తర్వాత తర్వాత పదింటికి ఆవలింతలు వచ్చేవి. మూడింటికి మెలకువ వచ్చేది, మళ్ళీ పట్టేది. ఆ మాత్ర గొప్పో, గోనెపట్టా గొప్పో, డాక్టరుగారి చివాట్లు గొప్పో నేను చెప్పలేను. పాత మాత్ర తగ్గించిన ప్రతిసారీ నాలుగైదు రోజులు నరకం మాత్రం తప్పలేదు. ఆ రోజుల్లో కూరలో ఉప్పు దగ్గర్నుంచి కుక్క మొరగడం దాకా అన్నిటికీ మా ఆవిడ మీద అరిచేవాణ్ణి.

చేతుల వణుకు నలుగురి కంటా పడింది. అప్పుడే ఊళ్ళో మాట పుట్టింది. ఒకప్పుడు బాగా తాగి, మానేసి, గుడి కమిటీలో చేరిన మా వీధి పెద్దమనిషి ఒకాయన ఇంటికొచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"మందు మానేస్తున్నారంట కదండీ. ఆయ్, మొదట్లో ఇలాగే వణుకుతాయండి. మజ్జిగ బాగా తాగండి. మీరు ఇంత లోపాయికారీగా లాగించేవారని నాకే తెలీదు సుమండీ!"

"నేను తాగనండీ బాబూ! మానేస్తున్నది నిద్రమాత్రలు" అన్నాను.

ఆయన మొహంలో నవ్వు పోయింది. నా చేతులు వదిలేసి, ఇంట్లోకి తొంగి చూసి, గొంతు తగ్గించాడు. "నిద్రమాత్రలా? అంత కష్టం ఏమొచ్చిందండీ?" అని అడిగి, జవాబు వినకుండానే వెళ్ళిపోయాడు. మా వైపు నిద్రమాత్రలు అంటే తర్వాత వచ్చే మాట మింగింది, మింగాడు. ఆసుపత్రి, పోలీసు, పంచనామా. ఇంకో అర్థం లేదు ఆ మాటకి.

ఆయన వెళ్ళాక మా ఆవిడ మీద ఎగిరాను. ఈ తాగుడు పుకారు నీ చెవిన పడలేదా, పడితే కాదని ఎందుకు చెప్పలేదు అని.

"పడింది. కావాలనే ఊరుకున్నాను" అంది, తోటకూర కాడలు తుంచుతూ. "తాగుబోతు మొగుడంటే నన్ను అయ్యో పాపం అంటారు. నిద్రమాత్రలు వేసుకునే మొగుడంటే, ఇంట్లో ఇది ఎంత కాల్చుకు తింటోందో అంటారు. మీరు ఏదో ఒకటి మానండి ముందు, దాని పేరు నాకెందుకు?"

ఆ తర్వాత ఎవరడిగినా తాగే మందే అనుకోనిచ్చాను. కొందరు మెచ్చుకున్నారు కూడా. తాగనివాడికి ఎవడూ ఏమీ ఇవ్వడు, మానేసినవాడికి మాత్రం భలే మర్యాద.

ఏడు నెలలు పట్టింది. చివర్లో ఆవగింజంత ముక్క వేసుకునేవాణ్ణి, తర్వాత అదీ లేదు. చేతులు కుదురుకున్నాయి. ఆ ఏడు కట్టిన అంట్లు నూటికి తొంభై పైన బతికాయి. డాక్టరుగారు విని, మెలటోనిన్ కూడా ఇక మానేసి చూడండి అన్నారు. మేం లేవబోతుంటే మర్యాదకని మా ఆవిణ్ణి అడిగారు. "మీరెలా ఉన్నారమ్మా?"

"నేనాండీ?" అంది. లేవబోయినదల్లా మళ్ళీ కూర్చుని, "నాకు తొమ్మిదేళ్ళ నుంచీ సరిగ్గా నిద్ర లేదండి" అంది. "ఈయన ఆ మాత్రలేసుకుని కట్టెలా పడుండేవారు. ఊపిరి ఆడుతోందో లేదో అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకునేదాన్ని. మిగిలిన మాత్రలు రోజుకో చోట దాచేదాన్ని. ఇప్పుడు ఈయన బాగానే పడుకుంటున్నారు, నాకే అలవాటు పోలేదు."

మాత్రలు ఆవిడ దగ్గరే ఉంటాయని నాకు తెలుసు. వస్తువులు సర్దడం ఆవిడకి పిచ్చి అనుకున్నాను. నేను మింగేస్తానేమోనని ఒక మనిషి తొమ్మిదేళ్ళు నా పక్కనే కాపలా కాసింది. నీకు నిద్ర పట్టిందా అని ఒక్క పొద్దున కూడా నేను అడగలేదు. డాక్టరుగారి ముందు కూర్చోలేనంత సిగ్గేసింది. ఆయన చీటీ తీసుకుంటుంటే ఆవిడే వద్దంది. "ఇంకో మందు మొదలెట్టకండి, మానడానికి మళ్ళీ ఏడు నెలలు."

తిరుగు ప్రయాణంలో బస్సులో కిటికీ పక్క సీటు ఆవిడకిచ్చాను. వేమగిరి రాకముందే తల నా భుజం మీదికి వాలిపోయింది. నోరు కొంచెం తెరిచి, చిన్న గురక పెడుతూ పడుకుంది. కడియం వచ్చింది. దిగేవాళ్ళు దిగారు. మా ఊరి వాళ్ళెవరో నన్ను చూసి, "దిగరేంటండీ?" అన్నారు. నేను మాట్లాడొద్దని చెయ్యి ఊపాను. బస్సు కదిలాక కండక్టరు మా సీటు దగ్గరకొచ్చి నిలబడ్డాడు. నేను ఎడమచేత్తో జేబులోంచి డబ్బులు తీసి, గొంతు తగ్గించి, ఇంకా ముందున్న ద్వారపూడికి రెండు టిక్కెట్లు అడిగాను.