జింగనూర్ నుంచి వెంటొచ్చిన పొట్లం

ఆ దినం మొదలైందే ఉమ్ముతోని. మంచు ఇంకా విడలే, నా మొగడు బండి మీద నన్ను జింగనూర్ తీసుకపోతుండు. మలుపు కాడ తల పక్కకు తిప్పి థూ అని ఉమ్మిండు. గాలి ఎటు కొడుతుందో చూసుకోవాలె గదా మనిషి? తుంపర్లన్ని వచ్చి నా చొక్కా చేతి మీద పడ్డయ్. ఉరుకుడు కోసమనే కొనుక్కున్న తెల్ల చొక్కా అది. "ఛీ, ఆపు బండి!" అన్న. ఆపిండు, నీళ్ల సీసా ఇచ్చిండు, దవడల ఉన్నదాన్ని నాలుకతోని సర్దుకుంట "తుడిస్తే పోతది తియ్యి" అన్నడు. పోలే. ఆ మరక ఇప్పటికీ ఉన్నది.

అది ఖర్రా ఉమ్ము. ఖర్రా తెల్వనోళ్లకు చెప్పాలె. పోక ముక్కలు, పొగాకు, ఇంత సున్నం ఒక ప్లాస్టిక్ కాయితంల పోసి, చెక్క మీద పెట్టి అరచేతితోని నలుపుతరు. మస్తుసేపు నలపాలె. తడి తడిగ, ముద్దముద్దగ అయినంక దవడల పెట్టుకుంటరు. మహారాష్ట్రల మా గడ్చిరోలి జిల్లాల దవడ ఖాళీగ ఉన్న మనిషిని చూపియ్యుమంటే జర ఆలోచన చెయ్యాలె. బస్టాండు గోడలు, ఆఫీసు మెట్ల మూలలు, దవాఖాన కిటికీలు, అన్నిటికీ నడుం ఎత్తు దాకా అదే రంగు. చూస్తే నాకు రోత.

రోత అంటున్న గని, తొమ్మిదేండ్లు నేను గూడ తిన్న.

నేను ఆరోగ్య సేవికను. సిరోంచ చుట్టుపక్కల అడివి ఊర్లు తిరిగి పిల్లలకు టీకాలు ఇచ్చుడు నా పని. ఆ ఊర్లల్ల ఇంటికొచ్చినోళ్లకు చాయ్ పొయ్యరు, ఖర్రా నలిపి పెడతరు. సగం నీకు, సగం వాళ్లకు. వద్దంటే వాళ్ల చెయ్యి రోత అనుకున్నట్టు. గప్పుడు ఇగ నవ్వుడు ఉండదు, పిల్లను ఒడిల నుంచి దించరు, సూది వెయ్యనియ్యరు. మొదాలు మర్యాదకే పట్టిన. ఇంటికో బుక్క. తర్వాత మర్యాద పోయింది, బుక్క మిగిలింది. 'పొగాకు వద్దు' అని మరాఠీల రాసున్న పోస్టర్లను దవడల ఖర్రా పెట్టుకొనే గోడకు అతికించిన. మాట్లాడాల్సి వస్తే పక్కకు పోయి ఉమ్మొచ్చి మాట్లాడేదాన్ని. ఇంతకన్న సిగ్గుమాలిన పని ఉంటదా?

ఇంకోటి గూడ ఉన్నది. అది చెప్పాల్నంటే నోరు రాదు. పొద్దుమీకి అలసిపోయి వస్తే నలిపే ఓపిక ఉండకపోవు. నా బిడ్డకు ఇచ్చేదాన్ని. గప్పుడు నాలుగో తరగతి. చిన్న చేతులు, సక్కగ నలిపేది. ఒకనాడు బడిల పక్కన కూసునే పిల్ల ముక్కు మూసుకున్నదట. ఇంటికొచ్చి బోరింగ్ కాడ చేతులు రుద్ది రుద్ది కడుక్కున్నది. నా ముందటికొచ్చి అరచెయ్యి చాపి "ఇంకా వస్తందా అమ్మా?" అని అడిగింది. నేను ముక్కు పెట్టి చూసి "ఇంకోసారి కడుగు" అన్న. అన్నదాన్ని, తెల్లారి మళ్ల నలపమని ఇచ్చిన.

చివరికి నా నోరే మూసుకుంటొచ్చింది. మూడు వేళ్లు నిలువుగ పట్టాల్సిన నోట్ల రెండు పట్టుడు కష్టమైంది. చంద్రపూర్ల డాక్టర్ చూసి, మానకపోతే ముందు ముందు అన్నం బుక్క గూడ పట్టదు అన్నడు. మానిన. మళ్ల పట్టిన. గిట్ల మూడుసార్లు. మూడుసార్లు నన్ను పట్టుకున్నది నా బిడ్డనే. బియ్యం డబ్బాల ఒకసారి, క్యాలెండర్ ఎనుక ఒకసారి, టీకాల డబ్బాల మంచు గడ్డల కింద ఒకసారి. ఆ మూడోసారి నా మొఖం చూసిన చూపు నేను మర్వ.

నాలుగోసారి మానినప్పుడే ఉరుకుడు మొదలుపెట్టిన. యాది వచ్చినప్పుడల్ల బూట్లేసుకొని ఉరుకుడే. మొదాలు నది ఒడ్డు దాకా, తర్వాత పొలాల గట్ల మీద, తర్వాత అడివి తొవ్వ. ఏడాది గడిచింది. బిడ్డ ఇప్పుడు తొమ్మిదో తరగతి, అయినా నా జేబులు తడుముడు మానలే. "నమ్మవా?" అని అడిగిన ఒకనాడు. "మేం చూస్తున్నప్పుడు తినకపోవుడు ఏం పెద్ద ముచ్చట?" అన్నది. "పొద్దంత ఒక్కదానివే ఉండు. ఎవ్వరు చూడని కాడ తినకుండ ఉంటే, అప్పుడు నమ్ముత. ఇంటికొచ్చి నువ్వే చెప్పు. మొఖం చూస్తే నాకు తెలుస్తది."

గందుకే జింగనూర్. అక్కడి నుంచి సిరోంచకు అడివి తొవ్వన దగ్గర దగ్గర యాభై కిలోమీటర్లు. మొగడు ఎనకాల బండి మీద వస్త అన్నడు, వద్దన్న. నీళ్ల సంచి ఎనుక తగిలించుకున్న, బెల్లం, ఉప్పు, ఇన్ని అటుకులు పెట్టుకున్న. పులి తిరుగుతంది జర చూసుకో అని చెప్పి, ఇంకోసారి ఉమ్మి, ఆయన తిరిగిపోయిండు.

అడివిల ఉరుకుడు అంటే కొందరు పిట్టలు, ఆకులు, గాలి అని చెప్తరు. నాకు ఊరు దాటంగనే కాలు మెత్తగ జారింది. ఊరి బయట తొవ్వ అంటే ఊరందరి చెంబుల తొవ్వ గదా, మంచుల కనపడలే. యాక్! పుల్లతోని గీకిన, వాగు నీళ్లల్ల కడిగిన, ఆకులతోని రుద్దిన. బూటు అడుగున గాళ్ల మధ్యల ఇరికినది మాత్రం పోలే. ఇంకో రెండు గంటలు నా వాసన నాకే కొట్టింది.

వాగు దాటినంక ఇద్దరు ముసలోళ్లు కట్టెలు మోసుకొస్తూ ఆగిన్రు. "పోలీస్ భర్తీకా?" అని ఒకాయన మరాఠీల అడిగిండు. మా దిక్కు పొద్దుగాల ఉరికేటోళ్లంటే పోలీస్ భర్తీ పిల్లలే. కాదన్న. రెండో ఆయన నన్ను కిందికి మీదికి చూసి "వయసు దాటింది గదరా, ఇంకేం భర్తీ" అని ఆయనకు తెలుగుల చెప్పిండు. నాకు తెలుగు రాదనుకున్నడు కావచ్చు. "దాటితే దాటిందిగని, నీ లెక్క కట్టెలు మొయ్యొస్తది నాకు గూడ" అన్న తెలుగుల్నే. మొదటాయన పడీ పడీ నవ్విండు, నవ్వంగ నోట్లకెల్లి ఎర్రగ కారింది. నేను మొఖం తిప్పుకొని ఉరికిన.

ఎక్కడ చూసినా ఖర్రా కాయితాలే. మనిషి అడుగు పడదు అనుకున్న కాడ గూడ ముడి ఇప్పిన ప్లాస్టిక్ ముక్కలు, ఎండుటాకుల మధ్య తళతళ. బండల మీద, వాగు ఒడ్డుకు, చెట్టు తొర్రల. ఒక ఆవు నములుతుంటే దాని నోట్లకెల్లి గుంజిన. మీ నోర్లు పాడుగాను, అడివినన్న ఇడిసిపెట్టరా అని ఉరుకుకుంటనే తిట్టిన. ఎవ్వరు లేరు గనుక గట్టిగనే తిట్టిన.

ఎండ నెత్తి మీదికి వచ్చేసరికి నా పని అయిపోయింది. తొడలు ఒరుసుకొని మంట. కుడి బొటనవేలు గోరు లేసింది, మేజోడుల అంత నెత్తురే. పల్లేరు కాయలు మేజోళ్లకు కుట్టినట్టు పట్టినయ్. చిన్న ఊరొకటి కనపడ్డది, ఏడెనిమిది ఇండ్లు. మొదటి ఇంటి వాకిట్ల కూలబడి, బెల్లం నీళ్లన్ని అక్కడనే కక్కిన. ఊడ్చి అలికిన వాకిలి.

ఆ ఇంటి అవ్వ బయటికొచ్చింది. గోండు మనిషి. తిట్టలే. బూడిద తెచ్చి దాని మీద పోసింది, చెంబుతోని నీళ్లిచ్చింది, నా కాలు చూసి నాలుక చప్పరించింది. "ఎవరు తరిమిన్రు బిడ్డా?" అని సగం గోండి సగం తెలుగుల అడిగింది. ఎవ్వరు తరమలే, ఉత్తగనే ఉరుకుతున్న అంటే నమ్మలే. మొగడు కొట్టిండనుకున్నది పాపం. నా పక్కన కూసోని, బొడ్డుకెల్లి ప్లాస్టిక్ కాయితం తీసింది.

నలుపుడు మొదలుపెట్టింది. ఆ చప్పుడు నాకు ఎరుకే. ఆ వాసన ఎరుకే. సున్నం, పొగాకు, తడి పోక. చెప్తే రోత అనిపిస్తది గని, నోట్ల అంతసేపు తడి లేనిదానికి ఒక్కసారి నీళ్లూరినయ్. పొద్దుగాల ఆ ఉమ్ము చూసి ఛీ అన్నది ఈ నోరే. తొవ్వ పొంటి కాయితాలు చూసి తిట్టింది ఈ నోరే. థూ నా బతుకు అనుకున్న.

అవ్వ సగం చేసి చాపింది. మానిన అని చెప్పొచ్చు. నోరు తెరిచి చూపియ్యొచ్చు. కానీ కక్కు ఎత్తిన చెయ్యి అది, దాన్ని ఎట్ల కాదంట? "తొవ్వల తింట అవ్వా" అన్న. ఆమె సంతోషంగ తన చేతితోనే కాయితం ముడేసి ఇచ్చింది. నడుం సంచి జేబుల పెట్టుకున్న.

ఊరు దాటంగనే పారేద్దామనుకున్న. దాటిన. పారెయ్యలే. అడివిల ప్లాస్టిక్ ఎట్ల పారేస్త, పొద్దుటి నుంచి అందరిని తిట్టుకుంట వచ్చి నేను గూడ అదే పని చెయ్యాల్నా అని నాకు నేను చెప్పుకున్న. మంచి మాటనే. లోపలి పొగాకు పారబోసి ఉత్త కాయితం జేబుల పెట్టుకుంటే అయిపోవు గదా? ఆ ముచ్చట నాకు తట్టలే. తట్టలే అనుడు గూడ అబద్ధమే. తట్టింది. రెండుసార్లు చెయ్యి జేబు కాడికి పోయింది, రెండుసార్లు పారబోసేటందుకు కాదు. ఒకసారి ముడి మీద గోరు గూడ పెట్టిన. చెయ్యి తీసి, ఆ నొప్పి కాలు మీదనే కావాల్నని బరువేసి ఉరికిన. కండ్లల్ల నీళ్లొచ్చినయ్, ఆ నొప్పి మీద ధ్యాసతోని ఇంకో ఊరు దాటిన.

పొద్దు వాలుతుంటే సిరోంచ పొలాలు కనపడ్డయ్. నార్లు పోస్తున్నరు. కల్వర్టు మీద నా బిడ్డ కూసోని ఉన్నది, పక్కన సైకిలు. నన్ను చూసి లేసి ఉరికొచ్చింది. నా అవతారం చూసి ముక్కు చిట్లించింది గని, మెడ చుట్టు చేతులేసింది. తర్వాత ఎనుకకు జరిగి మొఖంల మొఖం పెట్టి చూసింది.

"తిన్నవా?"

"తినలే బిడ్డా."

మొఖం ఇప్పారింది. నమ్మింది. నిజంగ నమ్మింది, ఏండ్లకు. సంచి ఇప్పుతా అని నా నడుం కాడ చెయ్యేసింది. అలవాటు గదా, జేబు తడిమింది.

పొట్లం దాని చేతిల ఉన్నది. చూసింది. తిట్టలే, ఏడ్వలే. "యాభై కిలోమీటర్లు ఉరికినవ్" అన్నది, "దీన్ని గూడ వెంట ఉరికిచ్చుకొచ్చినవ్."

అడివిల ప్లాస్టిక్ అని నోటి దాకా వచ్చింది. అవ్వ ముచ్చట, మర్యాద ముచ్చట గూడ వచ్చింది. అన్ని నిజాలే. అవి చెప్తే, బియ్యం డబ్బాల దొరికినప్పుడు చెప్పిన సాకులసొంటియే అయితయి.

"దాచుకున్న" అన్న. "తిందామనే దాచుకున్న. తినలే గని, పారెయ్య మనసొప్పలే."

బిడ్డ ముడిని తిప్పి చూసింది. గట్టిగనే ఉన్నది ముడి, నా గోటి గుర్తు తప్ప. నా చేతిల పెట్టింది. పక్కనే బోరింగ్ ఉన్నది. నేనే ఇప్పిన, నేనే మోరిల పారబోసిన. వేళ్లకు తడి అంటింది. కాయితాన్ని అది మడిచి తన జేబుల పెట్టుకున్నది. బోరింగ్ కొట్టింది, నేను కడుక్కున్న, మట్టేసి రుద్దిన, మళ్ల కడుక్కున్న. అరచెయ్యి దాని ముందట చాపి "ఇంకా వస్తందా?" అని అడిగిన.

వంగి ముక్కు పెట్టి చూసింది.

"ఇంకోసారి కడుగు" అన్నది, మళ్ల బోరింగ్ కొట్టింది.