కాలువ మీద అక్కాచెల్లెళ్ళు

పడవ ఇంకా కదల్లేదు. కర్నూలు రేవులో బల్లల మీద అటు ఆరుగురం, ఇటు ఐదుగురం ఎదురెదురుగా కూర్చుని ఉన్నాం. తాడు లాగేవాళ్ళు కాలువ కట్ట మీద నడుములకు గుడ్డలు బిగించుకుంటున్నారు. ఆ సమయంలో పదకొండుమందిమీ ఒక్కసారిగా కాళ్ళు వెనక్కి లాక్కున్నాం.

లాక్కోమని ఎవరూ అనలేదు. నడుమ నుంచి ఎవరూ నడవలేదు. ఎవరికైనా చోటిచ్చేటప్పుడు ఎలా సర్దుకుంటామో అలా సర్దుకున్నాం, మళ్ళీ ఎవరి మాటల్లో వాళ్ళు పడ్డాం. కాసేపటికి చూసుకుంటే నా పాదాలు బల్ల కిందికి ముడుచుకుని ఉన్నాయి. ఎప్పుడు ముడుచుకున్నానో నాకే తెలియదు. అప్పటికి పొద్దెక్కింది. ఎండ పడవ లోపలికి వచ్చి పడుతోంది. చీకటి మీద నెపం వేయడానికి వీల్లేదు.

మద్రాసులో అచ్చయ్యే ఒక దినపత్రికకు ఇరవై ఏళ్ళు కర్నూలు నుంచి వార్తలు పంపాను. ఆ ఇరవై ఏళ్ళలో దెయ్యాల వార్తలు నా దగ్గరికి చాలా వచ్చాయి. ఒక్కటీ పంపలేదు. పోయి చూస్తే అది పిల్లో, గాలికి కొట్టుకునే తలుపో అయ్యేది. లేదా ఆ ఇల్లు ఖాళీ కావాలని చూస్తున్న బంధువెవరో బయటపడేవాడు. దీన్నీ అప్పట్లో పంపలేదు. కారణం వేరే ఉంది, అది తర్వాత చెబుతాను.

అప్పటికి కర్నూలు కడప కాలువలో ప్రయాణికుల పడవలు ఇంకా నడుస్తుండేవి. రైలు వచ్చింది, మోటారు బస్సులు అప్పుడప్పుడే కనబడుతున్నాయి. అయినా మూటాముల్లెతో, పిల్లలతో పోయేవాళ్ళు పడవే ఎక్కేవారు. ఖాదర్ సాబుకు రెండు పడవలుండేవి. రెండూ ఒకే పాకలో, ఒకే వడ్రంగి చేతి మీద, ఒకే కొలతలతో తయారయ్యాయి. పొడవులో, వెడల్పులో, బల్లల ఎత్తులో వెంట్రుకవాసి తేడా లేదు. నీళ్ళలోకి ముందు దిగింది పెద్దది, నెల తర్వాత దిగింది చిన్నది. జనం వాటిని అక్కాచెల్లెళ్ళు అనేవారు.

ఒకసారి ఎవరో మోతుబరి పెళ్ళివారు పెద్ద పడవను మాట్లాడుకుని లోపలంతా అలంకరించారు. పెళ్ళయ్యాక ఖాదర్ సాబు ఆ సింగారం తీయించలేదు. పక్కల నిండా నిలువుటద్దాలు, కిటికీలకు ఎరుపు, పసుపు గాజుపలకలు, పైకప్పుకు కాగితం పూలు, దూలాల మీద నెమళ్ళు. చిన్నదానికి ఏమీ లేదు. నూనె పట్టించిన నల్లటి చెక్క, తెరిచిన కిటికీలు, అంతే.

ఆ ఏడు శ్రావణంలో నేను రెండింటిలోనూ మార్చి మార్చి ప్రయాణించాను. ఒకే కొలతల రెండు పడవల్లో మనుషులు రెండు రకాలుగా ఉండటం చూశాను. పెద్ద పడవ ఎక్కగానే మగవాళ్ళు అద్దంలో మీసం సవరించుకునేవారు, గొంతు పెరిగేది. పేకాట, పాటలు, చోటు కోసం జగడాలు. రోజంతా కలిసి కూర్చున్నవాళ్ళు దిగేటప్పుడు ఒకరి ఊరు ఒకరు అడిగేవారు కాదు. చిన్న పడవలో చూడటానికి నీళ్ళూ, ఎదుటి మనిషీ తప్ప ఏమీ లేదు. అందుకేనేమో మెల్లగా మాట్లాడుకునేవారు. కూతురి కాపురం సంగతులు, ఎండిన బావుల సంగతులు ముక్కూమొహం తెలియనివాళ్ళతో చెప్పుకునేవారు. పసిపిల్లలు తొందరగా నిద్రపోయేవారు.

దీని మీద పత్రికలో ఒక వ్యాసం రాశాను. గదికి పూసిన రంగు, వేలాడదీసిన అద్దం మనిషి నడతను మారుస్తాయని నా వాదన. అంతటితో ఆగి ఉంటే సరిపోయేది. రక్తి కట్టాలని ఒక వాక్యం చేర్చాను: 'చిన్న పడవలో కూర్చుంటే పదోరోజు కర్మ ముగిసిన ఇంట్లో కూర్చున్నట్టు ఉంటుంది.'

వారం తిరక్కముందే ఖాదర్ సాబు మా ఇంటి అరుగెక్కాడు.

"ఏమప్పా, మా చిన్నదాన్ని పాడె ఎక్కిస్తివే!"

"నేనేం తప్పు రాసినా సాబూ? సద్దు లేదని రాసినా."

"సద్దు లేదంటే సరిపోయేది. పదో దినం ఇల్లంటివి. ప్రయాణం పొయ్యేటోడు అట్లాంటి ఇంట్లో నించి బయల్దేరతాడా యాడన్నా? సదువొచ్చినోడు సదివె, రానోనికి వాడు చెప్పె. ఇప్పుడు ఈగ గూడా ఎక్కడంల్యా."

నిజమే. మా వైపు ఊరికి బయల్దేరేవాడు చావు మాట చెవిన పడితే కాళ్ళు కడుక్కుని మళ్ళీ బయల్దేరతాడు. ఇక్కడ పుట్టి పెరిగినవాణ్ణి, నాకు తట్టి ఉండాల్సింది.

కార్తీకం వెళ్ళేదాకా చూస్తానని, అప్పటికీ మనుషులు ఎక్కకపోతే చిన్నదాన్ని విప్పి ఆ చెక్క పెద్దదానికి వాడుకుంటానని ఖాదర్ సాబు చెప్పాడు. పోతూ పోతూ, "ఓబులేసుకు మాత్రం నేను చెప్పలేనప్పా. రాసినోనివి నువ్వే చెప్పు," అన్నాడు.

ఓబులేసు చిన్న పడవకు చుక్కాని పట్టే మనిషి. అది నీళ్ళలోకి దిగిన రోజు నుంచి దాని మీదే ఉన్నాడు. ఇద్దరు ఆడపిల్లలు. పెద్ద పడవకు చుక్కాని పట్టేవాడు వేరే ఉన్నాడు. చిన్నది పోతే ఓబులేసుకు మిగిలేది బండల గనుల్లో సమ్మెట పని. యాభై దాటిన మనిషి.

రేవుకు పోయి చెప్పాను. అతను నన్ను ఒక్కమాట అనలేదు. "కండ్లకు కనపడింది రాసినావు సామీ," అన్నాడు. నాకు అది తిట్టు కన్నా ఎక్కువైంది.

అప్పుడు ఖాదర్ సాబుతో నేనే మాట్లాడాను. చిన్నదానికీ అలంకారం చేయించు, నేను ఎక్కి ప్రయాణించి మళ్ళీ రాస్తాను అన్నాను. ఆయన ఒప్పుకున్నాడు. పెద్దదాని అద్దాలు సగం తెచ్చి దీనికి బిగించారు. రంగు గాజులు పెట్టారు. తొక్కి తొక్కి అరిగిపోయిన అడుగు పలకలు మొత్తం తీసేసి కొత్తవి వేసి, వాటికి ఆకుపచ్చ రంగు పూశారు. లోపలికి పోయి చూస్తే నాకే అది పాత పడవని తెలియలేదు.

మహానంది పోయే కార్తీక సోమవారం జనంతో మొదటి ప్రయాణం పెట్టుకున్నాం. కర్నూలువాళ్ళు ఎవరూ ఎక్కలేదు. ఎక్కింది రాయచోటి వైపు నుంచి పెళ్ళికి వచ్చి, పనిలో పనిగా మహానంది చూసుకుని పోదామనుకున్న ఒకే కుటుంబం. పదిమంది. వాళ్ళెవరూ ఆ కాలువనే అంతకు ముందు చూడలేదు. నా వ్యాసం సంగతి వాళ్ళకు తెలియదు. వాళ్ళకు పెద్దదిక్కు ఒక అవ్వ.

పడవ కదిలే ముందు కాళ్ళు లాక్కున్నది ఆ పదిమందీ, నేనూ.

అప్పుడు దాన్ని పట్టించుకోలేదు. నా ధ్యాసంతా అద్దాల మీదే. నేను రాసినట్టే అద్దాలు పని చేశాయి. రేవు దాటేసరికి పడవంతా కోలాహలం. అవ్వ చిన్నల్లుడు అద్దం ముందు నుంచి కదలడం లేదు.

"చాల్లే అల్లుడా," అంది అవ్వ. "నువ్వు ఆ మొగాన్నే చూసుకుంటా ఉంటే మహానంది దాటి పోతాదప్పా పడవ."

"నువ్వు చూసుకోలేదా అత్తా ఇందాక?"

"నేను పండ్లుండాయా లేదా అని చూసుకుంటి. నీకు ఉండాయి గదా!"

అందరూ నవ్వారు. సంతోషంగా పుస్తకంలో రాసుకున్నాను.

మధ్యాహ్నం సద్దిమూటలు విప్పారు. అవ్వ కోడలు ఆ చివరి నుంచి ఈ చివరికి రొట్టెలు తీసుకొస్తోంది. పడవ నడుమకు రాగానే అవ్వ గొంతు లేచింది: "పిల్లా, పైలం! తొక్కేవు!" కోడలు కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని పక్కగా అడుగేసి చుట్టి వచ్చింది. ఏమిటని ఆమె అడగలేదు.

నేను వంగి చూశాను. కొత్త పలకలు. వాటి మీద ఏమీ లేదు.

"ఏం తొక్కుతాది అవ్వా?" అని అడిగాను.

అవ్వ అటు చూసింది, నన్ను చూసింది. "ఏమో నాయనా. ఏమో ఉండాదనిపిచ్చె," అంది. తడబడింది కూడా. తర్వాత రొట్టె తినసాగింది.

ఆ తర్వాత నేను పుస్తకం మూసి కాళ్ళనే చూస్తూ కూర్చున్నాను. సాయంత్రం వరకు ఆ పదిమందిలో ఒక్కరూ అక్కడ పాదం పెట్టలేదు. మూట కూడా పెట్టలేదు. పాకే పిల్లవాడు ఒకడుంటే వాడూ చుట్టుతిరిగే పోయాడు.

పడవ లాకుల దగ్గర ఆగింది. నీళ్ళు నిండేదాకా అందరూ దిగి కట్ట మీద కూర్చున్నారు. ఓబులేసు నా పక్కకు వచ్చాడు.

"పొద్దున కాళ్ళు లాక్కుంటిరే సామీ. నువ్వు గూడా."

"నువ్వు చూస్తివా?"

"ఎనక నిలబడి చుక్కాని పట్టేటోనికి అందరి కాళ్ళూ కనపడతాయి."

అప్పుడు చెప్పాడు. అతని భార్య పేరు నాగమ్మ. పడవ బయల్దేరే ప్రతిసారీ, మనుషులంతా కూర్చున్నాక ఆమె ఎక్కి నడుమ ముగ్గు వేసి దిగేది. అది పడితేగానీ అతను తాడు కట్టించేవాడు కాదు. ఆమె వంగినప్పుడు అటూ ఇటూ కూర్చున్నవాళ్ళు కాళ్ళు వెనక్కి తీసుకునేవారు. తర్వాత రోజంతా ముగ్గు తొక్కకుండా నడిచేవారు. ఆ పడవకున్న సింగారం అదొక్కటే.

"ఇప్పుడు ఏస్తాల్యా ఎందుకు?"

"ఆషాఢంలో పాయె సామీ. నాలుగు దినాల జరం. సంవత్సరీకం కాందే మా ఇంట్లో ముగ్గు పడకూడదు గదా. పిల్లోళ్ళను గూడా ఏయనీలా."

నేను ఆ పడవలో మొదట కాలు పెట్టింది శ్రావణంలో. ముగ్గును ఎన్నడూ చూడలేదు. పదోరోజు ఇల్లు అని రాసినప్పుడు ఆ ఇల్లు ఎవరిదో నాకు తెలియదు. ఆ మాట ఓబులేసుకు చెప్పాను. అతను తల ఊపాడు. "నీకు తెలిసి రాసినావని నేను అనుకోలేదులే," అన్నాడు.

వీలైనంతవరకు పరీక్షించాను. మహానంది చూసుకుని వచ్చిన ఆ రాయచోటి కుటుంబమే కడప వైపు పోవడానికి పెద్ద పడవ ఎక్కింది. వాళ్ళతో నేనూ ఎక్కాను. సరిగ్గా అదే చోట అవ్వ తమలపాకుల సంచి పెట్టుకుని కూర్చుంది. అటూ ఇటూ అందరూ తొక్కి నడిచారు. ఆ నెలలోనే చిన్న పడవలో ఇంకో మూడుసార్లు వేరే వేరే మనుషులతో ప్రయాణించాను. మూడుసార్లూ కదిలే ముందు కాళ్ళు వెనక్కి పోయాయి. విషయం తెలిశాక నా కాళ్ళు మాత్రం వాటంతట అవి కదల్లేదు. కావాలనే ఒకసారి అక్కడ పాదం ఆనించాను. కొత్త చెక్క ఎలా ఉంటుందో అలాగే ఉంది.

ఇక వ్యాసం రాయాలి. ముగ్గు సంగతి రాస్తే పత్రికలు ఎగబడి అచ్చువేసేవి, చిన్న పడవను మాత్రం ఎవరూ ముట్టుకునేవారు కాదు. అందుకే అద్దాల గురించి, రంగు గాజుల గురించి, అల్లుడి మీసం గురించి మాత్రమే రాశాను. ఇరవై ఏళ్ళలో తెలిసి తెలిసి సగం దాచి రాసిన వార్త అదొక్కటే. కార్తీకం ముగిసేలోపు చిన్న పడవ నిండటం మొదలైంది. ఖాదర్ సాబు దాన్ని విప్పలేదు.

మరుసటి ఆషాఢంలో సంవత్సరీకం అయ్యాక ఓబులేసు కబురు పెడితే రేవుకు వెళ్ళాను. పెద్దకూతురు ముగ్గుపిండి గిన్నెతో పడవలో నిలబడి ఉంది. తల్లి చేతి వాటం దానికి బాగా వచ్చునట.

అది వంగి పిండి చేతిలోకి తీసుకోగానే ఓబులేసు, "వద్దులే అమ్మీ," అన్నాడు.

"ఏం నాయనా? ఏడాది అయ్యె గదా!"

"నువ్వు ఏస్తే ఇది నీదైతాది. మీ అమ్మది యాడికి పోతాదో."

ఆ పిల్ల గిన్నె పట్టుకుని దిగిపోయింది.

ఆ తర్వాత ఎనిమిదేళ్ళు ఓబులేసు ఆ పడవకే చుక్కాని పట్టాడు. చివరకు కాలువలో ప్రయాణికుల పడవలు ఆగిపోయాక రెండింటినీ కట్ట మీదికి లాగారు. నేను వెళ్ళి చూశాను. కొత్త పలకలు వేసినప్పుడు వాటికి పూసిన ఆకుపచ్చ రంగు తొక్కుళ్ళకు అరిగిపోయి అంతటా చెక్క తేలింది. నడుమ ఒక్కచోట మాత్రం, చేటంత మేర, పూసిన నాటి రంగు అలాగే ఉంది. దాని మీద గీరుకున్న గుర్తులు కూడా లేవు. ఓబులేసు, నేను ఇద్దరం చూశాం. ఆ పడవ ఎక్కిన వందలాది మందిలో ముగ్గు ఎరగనివాళ్ళే ఎక్కువ. వాళ్ళందరూ అక్కడ ఎందుకు కాలు పెట్టలేదో నాకు తెలియదు.