చిన్నాయన ఇవ్వని పేరు

చిన్నాయన పోయాడని రాయచోటి నుంచి టెలిగ్రాం వచ్చినప్పుడు నేను కర్నూలులో, మహిళల పొదుపు సంఘం ఆఫీసులో ఒక ముసలామెకు వడ్డీ ఎలా పెరుగుతుందో చెబుతున్నాను. ఆమెకు తెలిసేదాకా చెప్పి, పంపి, తర్వాత ఏడ్చాను. ఎదుటి మనిషికి అర్థం కాకుండా లేవకూడదని నేర్పింది ఆయనే. నన్ను సగం దారిలో వదిలేసిందీ ఆయనే.

మా నాయనకు తమ్ముడాయన, బీమా ఏజెంటు. నేను ఎస్సెల్సీ ప్యాసయితే నాయన టీచరు ట్రైనింగుకు పంపుతానన్నాడు. చిన్నాయన ఒప్పుకోలేదు. "పంతులమ్మలు శానామంది ఉండారన్నా. ఆడోళ్ళకు దుడ్ల సంగతి చెప్పే ఆడమనిషి యాడుండాది? పాపకు బుక్ కీపింగు చెప్పిద్దాం" అన్నాడు.

అలా కడపలో చేరాను. సెలవుల్లో ఆయన వెంట పల్లెలు తిరిగాను. ఆయన మగవాళ్ళతో అరుగు మీద కూర్చుంటే, నేను లోపల ఆడవాళ్ళతో మాట్లాడేదాన్ని. "చావు మాట నువ్వెత్తొద్దు పాపా. బిడ్డల సదువు అడుగు. ఆ మాట వాళ్ళే ఎత్తుతారు" అనేవాడు. వానలు తప్పిన ఏడు ఎవరి చేతా సంతకం పెట్టించేవాడు కాదు. మజ్జిగ తాగి, కుశలమడిగి వచ్చేసేవాడు.

ఒకసారి గొర్రెలు మేపుకునే ఇంట్లో ఒకామె, "నా మొగుడు పోతే ఆ దుడ్లు నాకిస్తారా, మా బావకిస్తారా?" అని అడిగింది. ఎవరి పేరు రాయిస్తే వాళ్ళకే అని చెప్పాను. ఆ సంగతి విని చిన్నాయన పొంగిపోయాడు. "ఇన్నేండ్లలో నన్నెవురూ ఆ మాట అడగల్యా పాపా" అంటూ బస్టాండులో బొరుగులు కొనిచ్చాడు.

తర్వాత బీమా కంపెనీ మద్రాసులో కొత్త ఏజెంట్లకు శిక్షణ పెట్టింది. ఆయన ఒక్క పేరు పంపవచ్చు. అది నాదేనని ఎన్నోసార్లు అన్నాడు. నేను పెట్టె కూడా సర్దుకున్నాను. తీరా చూస్తే చిన్నమ్మ తమ్ముడి పేరు పంపాడు.

"ఊర్లు తిరిగే పని పాపా. రేపెవురన్నా ఒక మాటంటే మీ నాయనకు నేనేం చెప్పాల?"

"ఇన్నాళ్ళూ తిరిగినా గదా, చిన్నాయనా?"

"నాతో వేరే."

ఆ రెండు మాటలూ ఇంకా మింగుడు పడలేదు. ఆయన పక్కన ఉన్నంతసేపే నా చదువు చదువా? ఆ కోపంతోనే కర్నూలు చేరి, పై పరీక్ష కట్టి, ఈ ఉద్యోగం తెచ్చుకున్నాను. ఆయన మాత్రం తెలిసిన ఆడవాళ్ళను "మా పాపనడగండి" అని నా దగ్గరికే పంపేవాడు. నా ఎదుట ఒక్కసారీ ఆ మాట అనలేదు.

కర్మ అయిన మర్నాడు చిన్నమ్మ నన్ను వంటింట్లోకి పిలిచింది. "ఊరికంతా దుడ్ల సంగతి చెప్పినాడు పాపా. నాకు మాత్రం ఒక్కనాడూ చెప్పల్యా. ఏముండాదో, ఎవురి పేరున ఉండాదో నాకేం తెల్దు" అంది. అప్పటిదాకా ఆయన కోసం ఏడుస్తున్న నాకు మళ్ళీ కోపం వచ్చింది, ఈసారి నా కోసం కాదు.

వసారాలోంచి, మద్రాసు వెళ్ళొచ్చిన ఆమె తమ్ముడు కేకేశాడు. "అక్కా, అవన్నీ నేను చూసుకుంటాలే. ఇట్ల రా."

"ఉండప్పా" అని చిన్నమ్మ పీట లాక్కుని నా ఎదురుగా కూర్చుంది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"మొదట్నుంచీ చెప్పు" అంది.

అతను మళ్ళీ పిలిచాడు. ఆమె తల తిప్పలేదు.