దండెం మీది బాలింత

బాల్కనీకి పావురాల వల కట్టించిన మర్నాడే, ఒక తేనెపిట్ట ముక్కున పీచు పట్టుకుని వచ్చి వల ముందు రెక్కలాడిస్తూ ఆగింది.

చిన్నప్పుడు రాయపురం ఇంటి పెరట్లో, నడివేసవిలో, ఇట్లాంటి పిట్టే బట్టలారేసే దండేనికి గూడు కట్టింది.

"ఆడ బాలింత ఉండాది, ఎవురూ ఆ పక్కకి పోబాకండి" అంది అవ్వ. ఆ వేసవంతా తడిబట్టలు కుర్చీల మీదే ఆరాయి.

లోపలి గదిలో పిన్ని కూడా బాలింతే. అందుకని ఆమెకు పెట్టే వెల్లుల్లికారం అన్నమే కొంచెం తెచ్చి గూటి కింద పెట్టాను. అవ్వ నవ్వలేదు.

"చీమలొస్తాయి నాయనా, తీసెయ్. దానికి కాస్త చోటిస్తే చాలు."

పిట్ట వల పొడవునా వెతికి, పీచుతోనే వెళ్లిపోయింది. వల లోపల, బాల్కనీలో దండెం ఖాళీగానే ఉంది. ఈ వల పావురాలకేనని దానికి ఎవరు చెప్తారు?