ఆరు పళ్ళ కారు

యలమంద దేన్ని చూసినా గొడ్డును చూసినట్టే చూసేవాడు. ఇది తిట్టు కాదు, ఆయన వృత్తి. మీసం మొలవక ముందు నుంచీ కారంచేడు చుట్టుపక్కల ఎడ్ల బేరాలు చేసి చేసి, ఆయన కంటికి లోకమంతా నాలుగు కాళ్ల మీద నిలబడిపోయింది.

కొత్త సీలింగు ఫ్యాను చూసి, "నడక బాలేదు, ఎడమకాలు ఈడుస్తోంది" అన్నాడు. వారం తిరక్కుండా ఫ్యాను ఊడి మంచం మీద పడింది. ఫ్రిజ్ కొన్నవాణ్ణి "ఎన్నో ఈత?" అని అడిగాడు. రేపల్లె బస్సెక్కే ముందు దాని పక్కటెముకల మీద రెండు చరుపులు చరిచి, అది బెదరదని తేలాకే కాలు పెట్టేవాడు. ఒకసారి చరిచిన చరుపుకి బస్సు దానంతటదే స్టార్టయి బయల్దేరిందనీ, డ్రైవరు వెనక పరిగెత్తి ఎక్కాడనీ రేపల్లెలో చెప్పుకుంటారు. నమ్మకపోతే మానేయండి, బస్సు మాత్రం ఆ రోజు టైముకు వెళ్ళింది.

ఆయన మాటంటే తెనాలి వెంకటరాఘవయ్యగారికి వేదం. రాఘవయ్యగారు దుగ్గిరాల యార్డులో పసుపు వ్యాపారి. చొక్కా పసుపు, చేతులు పసుపు, ఆయన తుమ్మితే ఎదుటివాడు పేరంటానికి తయారైనట్టుండేవాడు. వయసులో ఉండగా యలమంద చూసిపెట్టిన ఎడ్లజత బండలాగుడు పోటీలో గెలిచింది. అప్పట్నుంచీ చెప్పులు కొనాలన్నా కారంచేడుకి కారు పంపేవారు. ఆ కారు తోలుకెళ్ళి ఆయన్ని తీసుకొచ్చేది డ్రైవరు బర్నబాస్.

బర్నబాసు బాపట్ల నుంచి కుర్రాడిగా వచ్చి, రాఘవయ్యగారి అంబాసిడర్ దగ్గర చేరి, ఆ స్టీరింగు వెనకే తల నెరిసినవాడు. దారి పొడుగునా యలమంద కబుర్లు విని విని, ఆ ముసలాయనకి కాస్త తిక్క ఉందని ఎప్పుడో నిశ్చయించుకున్నాడు. దానికి కోటేశ్వరమ్మ ఆవే రుజువు. కారంచేడులో కోటేశ్వరమ్మ అనే ఆవిడ ఆవుని ఆవిడ మరిది అమ్మకానికి పెట్టాడు. శుభ్రమైన పాడావు. యలమంద దాని చుట్టూ తిరిగి, "కంటి కింద కన్నీటిసుడి ఉంది, కొన్న ఇంట్లో ఏడుపే" అన్నాడు. పశువు ఒంటి మీద వెంట్రుకలు గిర్రున తిరిగినచోటే సుడి. అది మంచిదైతే ఇంటికి మంచిది, చెడ్డదైతే బేరానికి చెడ్డది. ఇంకెవరూ ఆ ఆవు ముఖం చూడలేదు. పాపం, ఆడమనిషి బేరం చెడగొట్టాడని ఊరంతా తిట్టింది. కోటేశ్వరమ్మ మాత్రం ఆయన్ని పిలిచి చెంబుడు మజ్జిగిచ్చి పంపింది. ఆ మజ్జిగ ఎందుకో బర్నబాసుకి అర్థం కాలేదు.

ఎస్టీడీ బూత్‌లన్నీ ఒక్కొక్కటే జిరాక్సు షాపులుగా మారుతున్న రోజులవి. ఆ ఏడు పసుపు ధర చుక్కలంటింది. రాఘవయ్యగారి కన్ను ఒక విదేశీ కారు మీద పడింది. కంపెనీ పేరు చెప్పను, చెబితే వాడికి ఊరికే ప్రచారం. అటు జీపూ కాదు, ఇటు కారూ కాదు, రెంటికీ పుట్టింది. అంతకుముందు వచ్చిన రకం ఇనప్పెట్టెకి చక్రాలు తొడిగినట్టుండేదట. ఇప్పుడు నున్నగా దిద్ది, కొత్త రూపంలో దించారు. మే నెల ఎండలో టై కట్టుకుని, శశాంక్ అనే కుర్రాడు దాన్ని విజయవాడ నుంచి తెనాలి తెచ్చి ఇంటిముందు నిలబెట్టాడు. కారుకన్నా ముందు ఆ టైని చూడటానికి జనం మూగారు.

"పూర్తిగా కొత్త డిజైన్ సార్. ముందు గ్రిల్ వెడల్పు చేశారు. హెడ్‌లైట్లు పక్కలకి సాగదీశారు. టాపు వెనక్కి వాలుతుంది, గాలి అడ్డుపడదు."

యలమంద తువ్వాలు భుజం మార్చాడు. "ముట్టె వెడల్పు. మంచిదే, మేత గట్టిగా తింటుంది. కళ్ళేంటి, చెవులదాకా పోయాయి? బెదురుగొడ్డు కాదు గదా? వెనక వాలు మాత్రం నాకు నచ్చలేదు. పిర్ర నిండుగా లేదు."

"అది స్పోర్టీ లుక్ అండి తాతగారూ."

"ఏ లుక్కయినా పిర్ర పిర్రే అబ్బాయ్. ఏదీ, నోరు తెరిపించు."

శశాంక్ తన నోరు తెరిచాడు. బర్నబాసు జాలిపడి బానెట్టు చూపించాడు.

"ఎన్ని పళ్ళు?"

"సిలిండర్లా అండి? ఆరు. మూడున్నర లీటర్ల పెట్రోలింజను. రెండు వందల డెబ్భై గుర్రాల బలం."

"గుర్రాలు నాకెందుకయ్యా! ఎడ్ల లెక్కలో చెప్పు."

"అలా లెక్కలేదండి."

"లెక్కలేని గొడ్డుని ఎలా కొంటాం? సరే, ఆరు పళ్ళేసింది, వయసులో ఉంది. నాలుగు పళ్ళది లేదా?"

"నాలుగు సిలిండర్ల డీజిలుంది. పెట్రోలుతోనూ కరెంటుతోనూ నడిచేది కూడా వస్తుందండి."

"వద్దు. అటు గడ్డికీ ఇటు తవుడికీ మరిగింది ఏ గాడికీ కట్టుబడదు. ఈ ఆరు పళ్ళదే నయం."

తర్వాత శశాంక్ తలుపు తీసి, గొప్ప రహస్యం చెబుతున్నట్టు గొంతు తగ్గించాడు. "సార్, మీట నొక్కితే సీట్లు వేడెక్కుతాయి."

మే నెల. తెనాలి. మిట్టమధ్యాహ్నం.

"మన పాత కారు సీట్లూ వేడెక్కుతాయి బాబూ" అన్నాడు బర్నబాసు. "మీట కూడా అక్కర్లేదు."

"ఉండవయ్యా" అన్నారు రాఘవయ్యగారు ఆలోచనలో పడి. "పసుపుకొమ్ములు ఆరబెట్టుకోవచ్చేమో!"

శశాంక్ చెమట తుడుచుకుని ఇంకో మీట నొక్కాడు. వెనక తలుపు దానంతటదే పైకి లేచింది. అంతే! యలమంద, రాఘవయ్యగారు, వీధిలో జనం మొత్తం చెంగున పక్కకి దూకారు. గొడ్లతో బతికిన మనుషులు. తోక లేచిందంటే వెనక నిలబడరు.

నవ్వులన్నీ సద్దుమణిగాక శశాంక్ అసలు మాటన్నాడు. "గేర్లు అవే మారతాయి సార్. వాన పడితే వైపర్లు అవే తిరుగుతాయి. వెనక ఏముందో కెమెరా చూపిస్తుంది. ఇంక డ్రైవరు అవసరమే ఉండదు. మీరే నడుపుకోవచ్చు."

రాఘవయ్యగారి మొహం వెలిగిపోయింది. "విన్నావా బర్నబాసూ! ఇంక నీకు విశ్రాంతయ్యా."

బర్నబాసు కారు అద్దం తుడుస్తున్నాడు. విశ్రాంతి అనే మాట ఆదివారం చర్చిలో విన్నప్పుడు ఎంత తియ్యగా ఉండేది! నెరిసిన తలని ఎవరు పనిలో పెట్టుకుంటారు? రాఘవయ్యగారి కార్లు తప్ప వేరేది ముట్టుకోని చేతుల్ని ఎవరు నమ్ముతారు? అతను "అలాగేనండి అయ్యగారూ" అని, తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడిచాడు.

యలమంద కారుని వదిలి కాసేపు బర్నబాసుని చూశాడు. కాళ్ళ నుంచి తల దాకా, తీరిగ్గా. తర్వాత, "నడక చూడకుండా ఏదీ తేలదు. బాపట్ల దాకా పోయొద్దాం, రేపల్లె మీదుగా" అన్నాడు.

రాఘవయ్యగారు స్టీరింగు ముందు కూర్చున్నారు. పక్కన శశాంక్, వెనక యలమంద, బర్నబాసు. తెనాలి దాటకముందే కారు టింగ్ టింగ్ మని మొదలెట్టింది.

"సార్, అది బెల్టు..." అన్నాడు శశాంక్.

యలమంద వెనక నుంచి అతని భుజం మీద చెయ్యేశాడు. "ష్! గొడ్డు అరుస్తుంటే మధ్యలో మాట్లాడకూడదు. ఏం చెబుతోందో వినాలి."

"అది కాదు తాతగారూ, బెల్టు..."

"వినమన్నానా?"

శశాంక్ నోరు మూసుకున్నాడు. కారు మూసుకోలేదు. రేపల్లె పొలిమేరలో గేదెలమంద అడ్డొచ్చింది. ముందు గేదె, వెనక గేదె, పక్కన దూడ. ఏ గేదె దగ్గరకొస్తే ఆ వైపు కారు కీచుమంది. కెమెరా తెరనిండా ఒక గేదె ముఖం, అదీ నెమరేస్తూ. రాఘవయ్యగారి చేతులు స్టీరింగు మీద తాళం వేయసాగాయి.

"ఇదేంటి యలమందా, ఇట్టా అరుస్తోంది?"

"చెయ్యి కొత్త. మోయనంటోంది. అబ్బాయ్ బర్నబాసూ, నువ్వోసారి పగ్గం పట్టు."

బర్నబాసు ముందుకెళ్ళి కూర్చున్నాడు. బెల్టన్న మాట అతని చెవిన పడింది కాబట్టి, లాగి తగిలించుకున్నాడు. టింగులు ఆగాయి. గేదెల్ని తోలలేదు, హారను కొట్టలేదు. ఎప్పుడూ పాడుకునే కీర్తన ఒకటి కూనిరాగం తీస్తూ మంద వెళ్ళేదాకా ఆగాడు. కీచులూ పోయాయి. బండి వెన్నముద్దలా కదిలింది.

"విన్నావా రాఘవయ్యా?"

"ఏం వినాలి? ఏమీ వినపడట్లేదు."

"అదే వినమంటున్నా."

బాపట్లలో సోడా కొట్టు దగ్గర ఆపారు. నిలువెండలో యలమంద కారు చుట్టూ తిరిగి, డ్రైవరు తలుపు దగ్గర గొంతుక్కూర్చున్నాడు. నల్లటి రంగు మీద ఎండ పడి, గుండ్రంగా తిరిగిన సన్నటి గీతలు మెరిశాయి.

"సుడి!"

"గుడ్డ తిప్పి తుడిచిన గీతలండి" అన్నాడు శశాంక్ కంగారుగా. "ఒక్క పాలిష్‌తో పోతాయి."

"పుట్టుసుడి పాలిష్‌తో పోతుందా? దీన్ని పగ్గసుడి అంటారు. ఇది ఉన్న గొడ్డు ఆ ఇంట్లో మొదట్నుంచీ పగ్గం పట్టిన చేతికే లొంగుతుంది. చెయ్యి మార్చావా, నడివీధిలో పడుకుంటుంది."

రాఘవయ్యగారు గీతల్ని చూశారు, యలమందని చూశారు. "ఈ సుడి పేరు నేనెప్పుడూ వినలేదే?"

"నువ్వు పసుపుకొమ్ముల్లో సుడులు చూస్తావా ఏంటి?"

"మచ్చలేని బండి ఇంకోటి తెప్పిస్తాను సార్" అన్నాడు శశాంక్.

"కూడదు. చూసిన గొడ్డునే తోలుకెళ్ళాలి. నువ్వు చెయ్యి ఇటివ్వు."

గొడ్ల బేరంలో ధర నోటితో చెప్పరు. ఇద్దరి చేతులూ ఒక తువ్వాలు కింద దూరతాయి. పట్టుకున్న వేళ్ళే అంకెలు. చుట్టూ ఉన్నవాళ్ళకి తువ్వాలు ఊగడం తప్ప ఏమీ కనపడదు. యలమంద వేళ్ళు తగలగానే శశాంక్ చక్కిలిగింతలు పుట్టి, మెలికలు తిరిగి, "ఫిక్స్‌డ్ రేటండి తాతగారూ, ఫిక్స్‌డ్ రేటు!" అని సోడా కొట్టు అవతలిదాకా వినపడేట్టు అరిచాడు. అయినా టై విప్పి జేబులో పెట్టుకునే సమయానికి రబ్బరు మ్యాట్లు, సీటు కవర్లు ఊరికే ఇస్తానని ఒప్పుకున్నాడు.

తర్వాత యలమంద రాఘవయ్యగారి వైపు తిరిగాడు. "ఇంక నా దళారీ సొమ్ము తేల్చు."

అదే తువ్వాలు ఇద్దరి చేతుల మీదా పడింది. ఒక్కసారే ఊగింది. రాఘవయ్యగారి కనుబొమలు లేచాయి. ఏదో అడగబోయి, బర్నబాసు వైపు ఓసారి చూసి, పెద్దగా నవ్వారు.

"సరే పో. ఒప్పుకున్నా. బర్నబాసూ, బండి తియ్యి."

కొన్నాళ్ళకి దుగ్గిరాల యార్డులో, పసుపు బస్తాల నీడన అన్నాలు తింటూ బర్నబాసు ఉండబట్టలేక అడిగాడు. "అయ్యగారూ, యలమంద బాబాయి దళారీ ఏం పుచ్చుకున్నాడండి?"

"ఒక్క వేలు పట్టుకున్నాడయ్యా. ఒకటంటే ఏంటా అని చూస్తే, గడ్డంతో నీ వైపు చూపించాడు. ఒక్క మనిషి. అదీ ఆయన దళారీ."

బర్నబాసు ముద్ద పక్కన పెట్టాడు. "మరి ఆ పగ్గసుడి?"

"సుడీ లేదు, నీ మొహమూ లేదు! బెల్టు బొమ్మ నా కళ్ళెదురుగా ఎర్రగా వెలుగుతుంటే నాకు తెలీదనుకున్నావా? ఆ గేదెల మధ్య నా చేతులు వణికాయి. నాకు రాదని ఆ టై కుర్రాడి ముందు ఎలా ఒప్పుకోను? ఒక సుడి కావాలిగా! నా పరువూ నీ పనీ ఒకే సుడిలో చుట్టేశాడు ముసలాడు." రాఘవయ్యగారు చేయి కడుక్కుని లేచారు. "కోటేశ్వరమ్మ ఆవుకి కన్నీటిసుడి చెప్పాడు చూడు, మరిది అమ్మేయబోయిన ఆ ఆవు కూడా ఆవిడ దొడ్లోనే ముసలిదైంది."

అప్పుడు అర్థమైంది బర్నబాసుకి ఆ చెంబుడు మజ్జిగ.

మర్నాడు కారంచేడు వెళ్ళి, "బాబాయ్" అని ఏదో చెప్పబోయాడు. యలమంద వినిపించుకోలేదు. "రాఘవయ్య చెప్పేశాడా? తువ్వాలు కింద మాట తువ్వాలు పైకి తెచ్చేవాడు గొడ్ల బేరానికి పనికిరాడు. అందుకే పసుపమ్ముకుంటున్నాడు. సరేగానీ, అరవకుండా నడుస్తోందా? బెల్టు పెట్టుకుంటున్నావా?" అని, కారు పక్కటెముకల మీద ఆప్యాయంగా రెండు చరుపులు చరిచాడు.

ఏడాది తిరిగాక విజయవాడలో సర్వీసింగు దగ్గర శశాంక్ ఎదురొచ్చాడు. టై మారింది, మనిషి అదే. డ్రైవరు తలుపు మీదకి వంగి, "ఇంకా ఉన్నాయే ఆ గీతలు! పాలిష్ పెట్టించేస్తాను, డబ్బులక్కర్లేదు" అన్నాడు.

"ముట్టుకోకు బాబూ, అది సుడి."

"అది గుడ్డ మచ్చని మీకూ తెలుసు గదండి!"

బర్నబాసు అవుననలేదు, కాదనలేదు. భుజం మీది తువ్వాలు తీసి, ఆ తలుపు మీద కప్పి, దానికి ఆనుకుని నిలబడ్డాడు.