అన్నిటికీ ఒకటే గొట్టం

కిర్... కిర్... కిర్...

నవంబరు పొగమంచులో రెల్లు వెనకనుంచి వచ్చింది ఆ చప్పుడు. దక్షిణ మిషిగన్ చిత్తడి నేలల్లో అలా కూసే పిట్ట ఏదీ లేదు. ఇనుము ఇనుములో తిరుగుతోంది. అంటే మా బావ డెల్మార్ వ్రూమన్ దగ్గర్లోనే ఉన్నాడు.

తుపాకీ గొట్టం కొనాలంటే మా ఊరంతా డెల్మార్‌నే అడుగుతుంది. పొదల్లో పిట్టకి పొట్టిది, ఆకాశంలో బాతుకి పొడుగుది, జింకకి ఒంటిగుండుది అని అతను చెబుతుంటే వినేవాళ్ళకి ఆకలి గుర్తుండదు. విని కొన్నవాళ్ళ ఫ్రీజర్లు మాంసంతో నిండాయి. అతని ఫ్రీజర్లో మాత్రం భార్య ఆర్డిస్ దాచిన మొక్కజొన్న మంచుగడ్డలతో ప్రశాంతంగా కాపురం చేస్తోంది.

ఈ ఏడు అతనికి జ్ఞానోదయమైంది. ఇరవై ఎనిమిది అంగుళాల గొట్టం ఒక్కటే చాలట. దాని మూతిలో మరతో బిగించే చోక్‌లుంటాయి, ఉంగరాల్లాగా. బిగుతుది పెడితే గుళ్ళు గుత్తిగా వెళ్ళి బాతుని కొడతాయి. వదులుది పెడితే జింక గుండు సాఫీగా పోతుంది.

"ఒక్క గొట్టం, నాలుగు తుపాకుల పెట్టురా!" అన్నాడు నాతో.

"ముందు బాతు వస్తుందో జింక వస్తుందో అవి చెప్పి వస్తాయా బావా?"

"నీలాంటి వాడికి అసలేదీ రాదు. నీకెందుకా బెంగ?"

అతనికి మాత్రం రావాలి, పాపం. మా వేట గుడిసెలో జింకకి గురి తప్పినవాడి చొక్కా అంచు కత్తిరించి గోడకి కొడతాం. వరసగా మూడేళ్ళు తెగిందా, ఆ మర్నాటినుంచి తుపాకీ మూలకి, గరిటె చేతికి. డెల్మార్ గుడ్డలు రెండు అప్పటికే గోడమీద వాడిన ఆకుల్లా వేలాడుతున్నాయి.

ఆ ఉదయం అతను బాతుల కోసం బిగుతు చోక్ పెట్టుకుని కూర్చున్నాడు. బాతులు రాలేదు. జింక వచ్చింది.

సాయంత్రం గుడిసెలో విచారణ. ఆర్డిస్ తండ్రి ఓర్విల్ కత్తెర పట్టుకుని కూర్చున్నాడు.

"కాలిస్తేనే కదా మామా తప్పడం! నేను కాల్చనే లేదు," అన్నాడు డెల్మార్.

"మరేం వెలగబెట్టావు అల్లుడూ?"

"తూటాలు తీశాను. చోక్ విప్పాను. జింకకి పనికొచ్చేది బిగించాను."

"అంతసేపూ అదేం చేసింది?"

"నిలబడింది."

"మంగలి షాపులో వంతుకోసం నిలబడినట్టా?"

గుడిసె కప్పు ఎగిరిపోయేలా నవ్వారు. నవ్వులు ఆగాక ఓర్విల్ మెల్లగా అడిగాడు: "సరే, బిగించాక ఎందుకు కాల్చలేదు?"

ప్రపంచంలోని ప్రతి గొట్టానికీ జవాబున్న మనిషి వెనక్కి తిరిగి, ప్యాంటులోంచి చొక్కా పైకి లాగాడు. ఆకుపచ్చ ఉన్నిలోంచి కత్తెర, మంచులో అడుగులాగా, మెత్తగా నడిచింది.

మర్నాడు అందరూ అడవికి బయల్దేరుతుంటే అతను పొయ్యి దగ్గర బీన్స్ కలుపుతున్నాడు. కురచ చొక్కా కింద వీపుకి చలి కొడుతోంది. కాఫీ పోసుకుంటూ అడిగాను: "మర పట్టేసిందా బావా?"

గరిటె ఆపాడు.

"మర బానే బిగిసిందిరా. గుండు కూడా పెట్టాను. అదింకా అక్కడే ఉంది, నావైపే చూస్తూ. అంతసేపు ఎదురెదురుగా నిలబడ్డాక ఎలా కాలుస్తాం, చెప్పు? ఈ ముక్క మాత్రం మా మామ చెవిన వెయ్యకు."