అద్దం ముక్క పగల్లేదు, నాగభూషణం

నిన్న పొద్దున్నే పులివెందుల నుంచి ఫోన్. స్క్రీన్ మీద నాగభూషణం పేరు చూసి, నా మెసేజ్‌కు జవాబు చెప్పడానికి చేశాడనుకున్నాను.

"ఏం నాగభూషణం, ఈసారి ఆలస్యం చేశావు" అన్నాను.

మాట్లాడింది వాళ్ల అమ్మాయి.

"పెద్దమ్మా, నాయన తెల్లారుజామున పోయినాడు."

ఆ తర్వాత ఆమె చెప్పిన వివరాలు ఒక్కటీ గుర్తు లేవు. వివరాలు మరిచిపోవడం నాకు అలవాటు లేదు.

నాగభూషణం మా ఆయనకు హైస్కూల్ స్నేహితుడు. స్ట్రక్చరల్ ఇంజనీర్. ప్రొద్దుటూరులో నేను ఇప్పుడు కూర్చుని ఇది టైప్ చేస్తున్న ఇంటికి పునాది వేయించింది అతనే.

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు మారిన కొత్త రోజులు. ఇల్లు కట్టాలంటే అందరూ పిలిచేది మేస్త్రిని, ముహూర్తం పెట్టే అయ్యవారిని. ఇంజనీరును పిలవడం మా వీధిలో ఎవరూ ఎరుగరు.

నేను పట్టుబట్టాను. జమ్మలమడుగులో మా నాన్న కట్టిన ఇంటి గోడ ఒక వానకు కూలి మా చెల్లెలి కాలు విరిగింది. ఇక్కడ పాత ఇల్లు పడగొట్టి కొత్తది మొదలుపెట్టేనాటికి నాకు ఏడో నెల. నా బిడ్డను అలాంటి గోడ పక్కన పడుకోబెట్టనని మా ఆయనకు చెప్పేశాను.

మేస్త్రి నవ్వాడు. "మూడడుగుల పునాది సాలు గదప్పా. ఇంజనీరెందుకు? ఇల్లు కడతాండామా, డ్యాం కడతాండామా?"

ముహూర్తానికి ముందురోజు నాగభూషణం బస్సు దిగాడు. ఎండకు నెర్రెలిచ్చిన నల్లరేగడిలో ఒక సన్నని ఇనుప చువ్వను జారవిడిచాడు. అది మూడడుగులు దాటి ఇంకా దిగింది.

మేస్త్రి నవ్వు ఆగింది.

"వదినా, ఈ మన్ను వానకు ఉబ్బుతాది, ఎండకు ముడుచుకుంటాది. నెర్రె యాడిదాకా పోతాదో అంతకంటే కిందికి పోయి కూర్చోవాల పునాది. లేకుంటే ఏటా ఇంటిని ఎత్తి దించుతాది."

మా నాన్న ఇంటి గోడ ఎందుకు కూలిందో నాకు ఆ రోజు అర్థమైంది. అన్నేళ్లూ మేము వాననే తిట్టుకున్నాం.

తర్వాత నాలుగు మూలలా గుంతలు తవ్వించి, ఒక్కోదానిలో కడివెడు నీళ్లు పోయించి, వాచీ చూస్తూ కూర్చున్నాడు. మూడు గుంతల్లో నీళ్లు నిలబడ్డాయి. ఈశాన్యం మూల గుంత మాత్రం గటగటా తాగేసింది.

"ఈడ ఏముండె?" అని అడిగాడు.

మాకెవరికీ తెలియదు. మా అత్త మాత్రం ముఖం అటు తిప్పుకుంది. అది నేను చూశాను. అతనూ చూశాడు. కానీ అడగలేదు. ఆమె పెట్టిన సంగటి తిని, చేయి కడుక్కుని, అప్పుడన్నాడు.

"అమ్మా, నీ కోడలు శానా గట్టిది. రేపు గోడ పగిలితే నన్ను బతకనిస్తాదా?"

"ఆయమ్మకు నేనే భయపడతాండా, నువ్వెంత నాయనా" అంది అత్త.

"సరే, మా సంగతి ఇడ్సిపెట్టు. ఆ మూల గదిలో పండుకునేది నీ మనవడో మనవరాలో గదమ్మా."

 అత్త లేచి, పాత గడప ఉన్న చోటు నుంచి ఏడడుగులు వేసి, కాలితో నేల తట్టింది.

"ఈడ పాతర."

పాతర అంటే జొన్నలు దాచే గుంత. పైన మట్టి కప్పి, అలికేసేవారు. అది ఎక్కడుందో ఇంటి పెద్ద ఆడమనిషికి మాత్రమే తెలియాలి. అత్తకు వాళ్ల అత్త చెవిలో చెప్పి, మగవాళ్లకు కూడా చెప్పొద్దని మాట తీసుకుందట. అందులో గింజ అయిపోయి ఎన్నేళ్లయిందో ఆమెకే తెలియదు.

"ఖాళీ గుంతకు కూడా గుట్టేమిటత్తా?" అని గట్టిగానే అడిగాను.

"నువ్వు కరువు సూడలేదులే" అంది.

నాగభూషణం నన్ను చూసి తల అడ్డంగా ఊపాడు. ఇంకేమీ అనొద్దని. నేను నోరు మూసుకున్న సందర్భాలు తక్కువ. అది ఒకటి.

ముహూర్తం తప్పింది. పాతరలోని వదులు మట్టంతా ఎత్తించి, గట్టి నేల తగిలేదాకా తవ్వించి, రాళ్లూ సున్నం కాంక్రీటూ పొరలు పొరలుగా వేసి దిమ్మిసతో కొట్టించాడు. బిడ్డ పుట్టేనాటికి పునాది ఒక్కటే అయింది. నాకు తొందర అనిపించలేదు.

మూడో ఏడు అదే మూల గోడ మీద వెంట్రుకంత గీత కనిపించింది. కార్డు రాస్తే వచ్చి చూసి, పైపూత గీతేనన్నాడు. నా ముఖం చూసి, గీతకు అడ్డంగా ఒక అద్దం ముక్కను సిమెంటుతో అతికించాడు.

"గోడ కదిలితే ఇది పగుల్తాది. పగిలితే రాయి వదినా. పగలకుంటే రాయొద్దు, కార్డు దండగ."

ప్రతి ఏడూ తొలివాన పడ్డాక రాశాను. ఒకటే వాక్యం. "అద్దం ముక్క పగల్లేదు."

ప్రతి ఏడూ జవాబు వచ్చేది. "రాయొద్దన్నాను కదా."

కార్డులు పోయి ఫోన్లు వచ్చాయి, వాట్సాప్ వచ్చింది. వాక్యం మారలేదు.

మా ఆయన చనిపోయిన ఏడు కూడా రాశాను. ఆ ఒక్కసారి జవాబు వేరుగా వచ్చింది. "గోడ సంగతి సరే. నువ్వెట్లుండావు వదినా?"

ఆ గీత గురించి నాకు భయం పోయి చాలా ఏళ్లయింది. అయినా తొలివాన కోసం ఎదురుచూసేదాన్ని.

మొన్న సాయంత్రం వాన పడింది. మెసేజ్ పెట్టాను.

రెండు టిక్కులు పడ్డాయి. నీలం కాలేదు.

నిన్న మధ్యాహ్నం వాళ్ల చేనులోనే పూడ్చారు. నేను వెళ్లాను. అందరూ అతన్ని చూస్తుంటే నేను గుంతలోకి చూశాను. ఎర్రనేల. ఒక్క నెర్రె లేదు.

నువ్వు పడుకున్న నేల గట్టిది, నాగభూషణం. ఇక ఎవరి గోడల గురించీ ఆలోచించకుండా ప్రశాంతంగా నిద్రపో.

అద్దం ముక్క పగల్లేదు.